చంద్రగిరి రెండు జిల్లాల్లో ఉంటే రీజనర్ ఏం చేస్తుంది

మీ ప్రశ్న ఇది: "ఆంటాలజీలో ప్రాపర్టీలకు డొమైన్, రేంజ్, ఫంక్షనల్ అన్నీ జాగ్రత్తగా పెట్టాను. తప్పు డేటా ఎక్కించినా రీజనర్ ఎర్రర్ చూపడం లేదు. లోపం ఎక్కడుంది?"

ఆంటాలజీ అంటే ఒక రంగంలోని వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ (అవే ప్రాపర్టీలు) కంప్యూటరుకు అర్థమయ్యేలా రాసిన నమూనా, రీజనర్ అంటే దాన్ని చదివి తర్కం నడిపే ప్రోగ్రాం. మీరు రాసిన ప్రతి మాటనూ రీజనర్ నిజమని నమ్మి, దాని నుంచి కొత్త మాటలు తీస్తోంది. ఆ మాటలు ఒకదానికొకటి ఢీకొంటే తప్ప అది తప్పు పట్టదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ సరిగ్గా నేర్పలేదు. చంద్రగిరి మండలం నేర్పింది. అది మొత్తం చెప్తాను, మీ జవాబు అందులోనే ఉంది.

2022 జూన్, మామిడి సీజను మంచి ఊపులో ఉంది. తిరుపతిలో లీలామహల్ సర్కిల్‌కు కాస్త లోపలగా మాది నలుగురు కూర్చునే చిన్న ఆఫీసు. మామిడికాయలు కొనే ఒక సంస్థకు రైతుల వివరాలన్నీ ఒక చోటికి చేర్చి ఇవ్వాలి. ఏ రైతు, ఏ ఊరు, ఏ మండలం, ఎన్ని ఎకరాలు, ఏ రకం కాయ. వాళ్ల దగ్గర పాత ఎక్సెల్ షీట్లు ఉన్నాయి, కొత్తగా ఊళ్లు తిరిగి రాసుకొచ్చిన ఫారాలు ఉన్నాయి, ఫ్యాక్టరీ బిల్లులు ఉన్నాయి. ఒకదానికి ఒకటి పొంతన లేదు. వీటిని కలపాలంటే ఆర్‌డీఎఫ్ (సమాచారాన్ని మూడు ముక్కల వాక్యాలుగా రాసే పద్ధతి), ఆంటాలజీ అయితేనే బాగుంటుందని పట్టుబట్టింది నేనే.

మండలం నుంచి జిల్లాకు "జిల్లా" అనే ప్రాపర్టీ పెట్టాను. ఒక మండలం ఒక్క జిల్లాలోనే కదా ఉంటుంది, అందుకని ఆంటాలజీలు రాసే టూల్ ప్రొటేజేలో ఫంక్షనల్ (ఒక్క విలువే ఉంటుంది) అన్న గడిలో టిక్కు పెట్టాను. ఎవరైనా పొరపాటున ఒకే మండలానికి రెండు జిల్లాలు రాస్తే రీజనర్ పట్టుకుంటుందని నా ధైర్యం. మీరు కూడా ఆ ధైర్యంతోనే పెట్టి ఉంటారు.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. చిత్తూరు జిల్లాలో ఉన్న చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. కడప నుంచి రాజంపేట కూడా అన్నమయ్యలోకే. నెల్లూరు నుంచి వెంకటగిరి మా తిరుపతి జిల్లాలో కలిసింది. మా పాత షీట్లలో పాత జిల్లా ఉంది, కొత్త ఫారాల్లో కొత్త జిల్లా ఉంది. రెండూ ఎక్కించేశాం.

ఆ రాత్రి జెనాలో (ఆర్‌డీఎఫ్ డేటాను నడిపే సాఫ్ట్‌వేర్) అవుల్ (ఆంటాలజీలు రాసే భాష) రూల్స్ ఆన్ చేసి, డేటాను ప్రశ్నలడిగే భాష స్పార్కిల్‌లో ఒక చిన్న ప్రశ్న వేశాను: తిరుపతి జిల్లాలో తోతాపురి వేసిన రైతులెవరు? పేర్లు వస్తూనే ఉన్నాయి. కుప్పం వాళ్లు వచ్చారు. మదనపల్లె వాళ్లు, రాజంపేట వాళ్లు వచ్చారు. మా దగ్గరున్న తోతాపురి రైతులంతా తిరుపతి జిల్లావాళ్లే అయిపోయారు. తెల్లారితే సంస్థవాళ్లకు చూపించాలి. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. కిటికీలోంచి కొండ మీద ఘాట్ రోడ్డు లైట్లు కనిపిస్తున్నాయి, నేను స్వామిని తలుచుకుంటూ ఒక్కో లైను చదువుతున్నాను.

డేటా ఎక్కించే అక్కది చంద్రగిరే. ఆమె నా స్క్రీను వైపు వంగి చూసి, "ఏంది తమ్ముడూ, మా ఊరు చిత్తూరులోనూ ఉండాది, తిరుపతిలోనూ ఉండాదా? నేను ఫారంలో తిరుపతి అనే కదా కొట్టినాను" అనింది.

"పాత షీటులో చిత్తూరు అని ఉందక్కా."

"అయితే రెండిట్లో ఒకటి తప్పని చెప్పాల కదా అది?"

సరిగ్గా మీ ప్రశ్నే అది. ఫైలును ప్రొటేజేలో తెరిచి, హెర్మిట్ అనే రీజనర్‌ను నడిపించి, తిరుపతి జిల్లా మీద క్లిక్ చేశాను. కుడివైపు, ఇదీ అదీ ఒకటే అని చూపే చోట, రీజనర్ సొంతంగా తేల్చిన మాటలకు వచ్చే లేత పసుపు రంగులో నాలుగు పేర్లు వరసగా ఉన్నాయి: చిత్తూరు, అన్నమయ్య, కడప, నెల్లూరు. చిత్తూరు పక్కన ఉన్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కితే కారణం మూడే లైన్లలో వచ్చింది. జిల్లా అనే ప్రాపర్టీ ఫంక్షనల్. చంద్రగిరికి జిల్లా చిత్తూరు. చంద్రగిరికి జిల్లా తిరుపతి.

దాని తర్కంలో తప్పేమీ లేదు. చంద్రగిరికి ఒక్కటే జిల్లా అని నేనే చెప్పాను. రెండు పేర్లు కూడా నేనే ఇచ్చాను. అంటే ఆ రెండు పేర్లూ ఒకే జిల్లావి అయి ఉండాలి. వెంకటగిరి వల్ల నెల్లూరు తిరుపతితో కలిసింది, మదనపల్లె వల్ల అన్నమయ్య చిత్తూరుతో కలిసింది, రాజంపేట వల్ల కడప వచ్చి అన్నమయ్యతో కలిసింది. ఒక్క టిక్కుతో నెల్లూరు సముద్రం నుంచి కుప్పం దాకా అంతా ఒకే జిల్లా అయింది.

పేర్లు వేరైతే వస్తువులు వేరనే భరోసా అవుల్‌లో లేదు. డేటాబేస్ అలవాటున్న మనకు ఇది మొదట మింగుడుపడదు. కానీ అది కావాలనే అలా పెట్టారు, దానివల్ల మేలు కూడా చూశాను. మా వైపు రైతు "బెంగుళూరా" అంటాడు. ఫ్యాక్టరీ బిల్లులో "తోతాపురి" అని ఉంటుంది. కోస్తా నుంచి వచ్చిన వ్యాపారి అదే కాయను "కలెక్టర్" అంటాడు. బంగినపల్లిని మా దగ్గర బేనీషా అనే అంటారు. ఎక్కడెక్కడివో ఫైళ్లు కలిసేటప్పుడు రెండు పేర్లు ఒకే వస్తువువి కావచ్చని మొదటినుంచీ ఒప్పుకుని ఉండటమే మంచిది. ఈ పేర్లన్నీ కలిపింది ఆ గుణమే. జిల్లాలను కలిపేసిందీ ఆ గుణమే.

కాబట్టి మీకు ఎర్రర్ కావాలంటే, ఇవి వేరువేరు అని మీరే నోరు తెరిచి చెప్పాలి. జిల్లాలన్నీ ఒకదానికొకటి వేరు అని ఒక్క వాక్యం రాస్తే చాలు. మేం రాశాం. రాసిన వెంటనే హెర్మిట్ ఆంటాలజీ మొత్తం పరస్పర విరుద్ధంగా ఉందని ఎర్రగా చూపించింది. అక్క "ఇప్పుడు సరిగా చెప్పింది" అనింది.

కానీ అసలు తప్పు ఇంకా లోపల ఉంది. చంద్రగిరి చిత్తూరు జిల్లాలో ఉండేదన్నది అబద్ధమా? కాదు. 2022 ఏప్రిల్ 3 దాకా అది నిజం. మా ఇంట్లో ఆధార్ కార్డుల మీద ఈరోజుకీ చిత్తూరు జిల్లా అనే ఉంది. రెండు మాటలూ నిజమైనప్పుడు వాటిలో ఒకదాన్ని తప్పుగా తేల్చడం నా మోడల్ లోపమే. చివరికి "పరిధి" అని మధ్యలో ఒక చిన్న నోడ్ పెట్టాం. దానికి మండలం, జిల్లా, మొదలైన తేదీ, ముగిసిన తేదీ. ఫంక్షనల్ టిక్కు తీసేశాను. ఎప్పటికీ మారదని ఒట్టేసి చెప్పగలిగిన వాటికే ఆ టిక్కు పెట్టాలన్నది అప్పటి నుంచి నా పట్టుదల. కన్నతల్లి ఒక్కరే, పుట్టిన తేదీ ఒక్కటే. జిల్లా, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు అలాంటివి కావు.

ఊరు మండలంలో భాగం, మండలం జిల్లాలో భాగం కనుక "భాగం" అనే ప్రాపర్టీని ట్రాన్సిటివ్ (ఊరు జిల్లాలోనూ భాగమేనని తేలేలా) చేయాలనిపిస్తుంది, చేయండి. దానికే ఫంక్షనల్ కూడా పెడితే మాత్రం హెర్మిట్ నడవదు, అవుల్ 2 డీఎల్‌లో (రీజనర్ తప్పక తేల్చగలిగేలా హద్దులు పెట్టిన అవుల్ రూపం) ఆ రెండూ ఒకే ప్రాపర్టీ మీద కుదరవు. "నేరుగా భాగం" అని కింద ఒక ఉప ప్రాపర్టీ పెట్టి, ఒక్కటే ఉండాలన్న మాట దాని మీద రాసి, ట్రాన్సిటివ్‌ను పైదానికి వదలండి.

డొమైన్ (ప్రాపర్టీ ఏ రకం వస్తువు నుంచి మొదలవుతుందో), రేంజ్ (ఏ రకం వస్తువును చేరుతుందో) సంగతి కూడా ఇలాంటిదే. "సాగు చేస్తుంది" అన్న ప్రాపర్టీకి డొమైన్ రైతు అని పెట్టాం. ఒక గుజ్జు ఫ్యాక్టరీకి సొంత తోట ఉంది, ఆ వరుస ఎక్కించగానే ఫ్యాక్టరీ రైతైంది. రైతు మనిషి కిందికి వస్తాడు కనుక ఫ్యాక్టరీ మనిషి కూడా అయింది. ఆర్‌డీఎఫ్ఎస్ (అవుల్ కంటే చిన్న ఆంటాలజీ భాష) రూల్స్‌లో రెండోది డొమైన్‌ది, మూడోది రేంజ్‌ది. రెండూ "అయితే ఇది కూడా" అనే రకమే, "కాకపోతే తప్పు" అనే మాట వాటిలో లేదు. మనిషి, సంస్థ రెండూ ఒకటి కాలేవని మీరు రాస్తేనే గొడవ బయటపడుతుంది. ఇంకో ఉచ్చు ఉంది: ఒక ప్రాపర్టీకి రెండు డొమైన్లు రాస్తే, ఆ రెండింట్లో ఏదో ఒకటి చాలని అనుకుంటారు. కాదు, రెండూ అయి తీరాలి.

నిజంగా మీకు తనిఖీయే కావాలంటే 2017లో వచ్చిన షాకిల్ అనే భాష ఉంది, దానికోసమే పుట్టింది. "ప్రతి మండలానికి ఇప్పుడు నడుస్తున్న పరిధి ఒక్కటే ఉండాలి" అని అందులో రాసుకుంటే, లేనిచోట లేదని, ఎక్కువైన చోట ఎక్కువైందని పేరుతో సహా చెప్తుంది. అవుల్‌కు లేకపోవడం కూడా తప్పుగా కనిపించదు. రాయలేదు కాబట్టి తెలియదు, అంతే అనుకుంటుంది.

ఇక నాకు చాలా రోజులుగా కడుపులో ఉన్న మాట. మన పిల్లలకు ఈ సబ్జెక్టు పిజ్జాలతో నేర్పిస్తున్నారు. ఏ పిజ్జా మీద ఏ టాపింగ్ ఉంటుందో ఊహించుకుంటూ ఎంసీఏ పిల్లవాడు ఇన్‌ఫరెన్స్ (ఉన్న మాటల నుంచి కొత్త మాట తీయడం) నేర్చుకోవాలి. అది కాకపోతే ఇంగ్లీషు అంకుల్. తల్లికో తండ్రికో సోదరుడైతే అంకుల్ అన్నది పాత ఉదాహరణ. 2004 నాటి మొదటి అవుల్‌లో అది రాయడానికి వీలు లేక, అదే ఏడాది వచ్చిన స్విర్ల్ ("ఇలా అయితే అలా" అని రూల్స్ రాసే భాష) ప్రతిపాదనలో రాశారు. 2009లో అవుల్ 2 వచ్చాక ప్రాపర్టీ చెయిన్‌తో (సంబంధాలను గొలుసుగా కలిపి కొత్త సంబంధం తేల్చడం) నేరుగా రాయొచ్చు.

ఈ చెయిన్లు మన వరసల కోసమే కుట్టినట్టున్నాయి. ఇంగ్లీషులో అన్నకూ తమ్ముడికీ ఒకటే మాట, మనకు వేరు. అందుకే వయసు లెక్కలు వేసే రూల్ ఏదీ లేకుండానే, తండ్రికి అన్న పెద్దనాన్న, తండ్రికి తమ్ముడు చిన్నాన్న, తల్లికి అక్క పెద్దమ్మ, తల్లికి చెల్లెలు పిన్నమ్మ అని నాలుగు చెయిన్లు రాస్తే అయిపోయింది. మేనమామకు రెండు: తల్లికి అన్న, తల్లికి తమ్ముడు. మా పెద్దమ్మ గడప మీద కూర్చుని ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పేది, పెళ్లికి వచ్చిన కొత్తవాళ్ల ఊరు, ఇంటిపేరు అడిగి రెండు నిమిషాల్లో వరస తేల్చేది. ఆమె తలలో నడిచింది ఇదే. తెలుగు వరసలు సరిగ్గా రాయగలిగినవాళ్లకు ఏ ఆంటాలజీ అయినా వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

నేను మా కుటుంబాన్ని రాసి చూశాను. ఉత్సాహంలో "పెద్దనాన్నకు కొడుకు అన్న" అని ఒక చెయిన్ రాశాను, హెర్మిట్ అక్కడే ఆగిపోయింది. అన్న నుంచి పెద్దనాన్న వచ్చాడు, పెద్దనాన్న నుంచి మళ్లీ అన్న వస్తున్నాడు. అలా గుండ్రంగా తిరిగే చెయిన్లను అవుల్ 2 డీఎల్ ఒప్పుకోదు. అన్న, తమ్ముడు ఇద్దరికీ పైన "సోదరుడు" అని ఒక ప్రాపర్టీ పెట్టి ఆ చెయిన్‌ను దానికి మార్చితే నడిచింది. ఆలోచిస్తే మన వరసకు కూడా అదే నిజం. మా పెద్దనాన్న చిన్నకొడుకు నాకంటే మూడేళ్లు చిన్న, వాడు నాకు తమ్ముడు. టూల్ నన్ను ఆపకపోతే వాణ్ని అన్నను చేసి ఊరుకునేవాణ్ని.

తల్లి బిడ్డలంతా తోబుట్టువులు అని చెయిన్ రాసినప్పుడు ఇంకోటి జరిగింది. నేను కూడా మా అమ్మ బిడ్డనే కనుక, నాకు నేనే తోబుట్టువునయ్యాను. చెయిన్‌లో "ఇద్దరూ వేరు" అని చెప్పే చోటు లేదు. ఇలాంటప్పుడు స్విర్ల్ రూల్ రాయాల్సిందే, అందులో ఆ మాట చెప్పొచ్చు. ఇంగ్లీషు ఉదాహరణలు చూసి షాకిల్‌లో "మేనమామ, భర్త ఒకరే కాకూడదు" అని మాత్రం పెట్టకండి. మా వైపు మేనరికాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు, ఎన్నో ఇళ్లు తప్పు డేటా కింద పడతాయి.

మీ ఫైలుకు వస్తే, ఈరోజే ఇలా చేయండి. ప్రాపర్టీల మీద పెట్టిన టిక్కులన్నీ తీసేసి ఒకసారి నడిపించండి. తర్వాత ఒక్కో టిక్కు పెడుతూ, ప్రతిసారీ కొత్తగా పుట్టిన పసుపు లైన్లన్నీ ఓపికగా చదవండి. వింతగా కనిపించిన లైను పక్కన ప్రశ్నార్థకం నొక్కండి. మీ డేటాలో ఏ రెండు పేర్లు ఒకటైపోయాయో కింద కామెంట్‌లో రాయండి, ఏ టిక్కు వల్ల అయిందో చూసి చెప్తాను.