మొదటి రెండేళ్ళు రాని తుమ్ములు ఇప్పుడెందుకు వస్తున్నాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది గుంటూరు దగ్గర ఊరు, పెళ్ళయ్యాక అట్లాంటా వచ్చి ఐదేళ్ళయింది. ఇక్కడ మార్చి చివర్లో కార్లు, మెట్లు, బాల్కనీలు అన్నీ పసుపు పొడితో నిండిపోతాయి. మొదటి రెండేళ్ళు అది వింతగా ఉండి ఫొటోలు తీసి ఇంటికి పంపేదాన్ని, నాకేమీ అయ్యేది కాదు. మూడో ఏడాది ముక్కు కాస్త దురద పెట్టింది, పోయినేడాది, ఈ ఏడాది మాత్రం నరకమే, పొద్దున లేస్తే వరసగా పది పదిహేను తుమ్ములు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారడం, అంగిలి దురద. అదే సీజన్లో మా అమ్మానాన్న వచ్చి ఉన్నారు, రోజూ వాకింగ్‌కి కూడా వెళ్ళారు, వాళ్ళకి ఒక్క తుమ్ము రాలేదు. నాకు ఇమ్యూనిటీ తగ్గిపోయిందా? రాత్రిళ్ళు తలస్నానం చేయడం వల్లే ఇదంతా అంటుంది అమ్మ. ఫ్రెండ్స్ ఏమో లోకల్ తేనె తినమంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.
- ఓ పాఠకురాలు, అట్లాంటా

జవాబు: ఇమ్యూనిటీ తగ్గలేదమ్మా, ఆ భయం పెట్టుకోకండి. భయపడక్కర్లేని చెట్ల పుప్పొడి మీద మీ ఒంట్లో కాపలా మరీ ఎక్కువైంది, అలర్జీ అంటే అదే, జరిగింది అదీ.

మొదటి రెండేళ్ళు ఏమీ కాలేదన్నారు చూడండి, అప్పుడు బయటికి ఏమీ కనపడలేదు గానీ లోపల పని మొదలైపోయింది. పుప్పొడి రేణువు ముక్కులో తడికి తగలగానే నిమిషాల్లో దాంట్లోని ప్రోటీన్లు బయటికొస్తాయి, అవి మనకి ఏ హానీ చేయవు, చాలామంది ఒళ్ళు వాటిని పట్టించుకోదు. కొంతమందిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఆ ప్రోటీన్‌ని శత్రువు కింద లెక్కేసి దానికోసమే ప్రత్యేకంగా ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేస్తుంది, మామూలుగా ఈ రకం యాంటీబాడీ పని కడుపులో నులిపురుగుల్లాంటి వాటితో పోరాడటం. ఈ ఐజీఈ వెళ్ళి ముక్కులో, కళ్ళలో ఉండే మాస్ట్ సెల్స్ అనే కణాల మీద అతుక్కుని కూర్చుంటుంది. దీనికి ఒక సీజన్ పట్టొచ్చు, మూడు నాలుగు సీజన్లూ పట్టొచ్చు, ఆ టైమంతా మనకి ఏమీ తెలీదు. ఆ తర్వాత వచ్చే వసంతంలో అదే పుప్పొడి మళ్ళీ ముక్కులోకి వెళ్తే అప్పటికే సిద్ధంగా ఉన్న ఆ కణాలు పగిలినట్టై హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలేస్తాయి. మీ తుమ్ములు, దురద, కళ్ళల్లో నీళ్ళు చాలావరకు దాని వల్లే. గుంటూరులో మీరు పెరిగినన్నాళ్ళూ అట్లాంటా ఓక్ చెట్ల పుప్పొడి మీ ముక్కుకి తగల్లేదు కాబట్టి ఈ కథ మీరు అమెరికాలో దిగిన రోజు నుంచే మొదలైంది. మీ అమ్మానాన్నలకి అది మొదటి సీజన్, అందుకే ఏమీ కాలేదు. వాళ్ళు ఏటా వచ్చి ఉన్నా అలర్జీ వచ్చి తీరుతుందని కాదు, ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, ఎగ్జిమా అనే చర్మం దురద జబ్బు, అలర్జీ ఉంటే అవకాశం ఎక్కువ, అంతే.

ఇంకో సంగతి, మీరు ఫొటోలు తీసిన ఆ పసుపు పొడి చాలావరకు పైన్ చెట్లది, అసలు ఇబ్బంది పెట్టేది అది కాదు. పైన్ రేణువు పెద్దది, పైన మైనం లాంటి పొర ఉంటుంది, అందుకే కార్ల మీద పేరుకుని కనపడుతుంది గానీ అలర్జీ తెప్పించడం తక్కువ. ఓక్, బర్చ్ చెట్ల రేణువులు 20 నుంచి 30 మైక్రాన్లు, మన తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండవు, కంటికి కనపడకుండా మైళ్ళ దూరం గాలిలో వస్తాయి. అందుకే కారు కడిగేశాం కదా, వాన పడి పసుపంతా పోయింది కదా అని మందు ఆపేయొద్దు. మీ అట్లాంటాలో క్యూబిక్ మీటర్ గాలికి 1500 రేణువులు దాటితేనే అతి ఎక్కువ అంటారు, అలాంటిది 2025 మార్చి 29న 14,801 లెక్కపెట్టారు, అంతకుముందు రికార్డు 2012లో 9,369. ఇలాంటి గాలి పీల్చి ముక్కు తట్టుకోలేకపోతే అందులో మీ తప్పేముందమ్మా.

తలస్నానం గురించి మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి, ఈ రెండు నెలలు రాత్రి తలస్నానమే సగం వైద్యం. పగలంతా జుట్టులో చేరిన పుప్పొడి అలాగే దిండుకి అంటుకుంటే రాత్రంతా పీల్చేది అదే, పొద్దున్నే తుమ్ములు రావడానికి అదొక కారణం. గోరువెచ్చని నీళ్ళతో పోసుకుని జుట్టు బాగా ఆరబెట్టుకుని పడుకోండి, జలుబు వైరస్ వల్ల వస్తుంది గానీ తడి జుట్టు వల్ల రాదు. బట్టలు బయట ఆరేయకండి, పొద్దుటి పూట కిటికీలు మూసి ఉంచండి.

తేనె రుచికి తినండి, దీనికి మందు మాత్రం కాదు. తేనెటీగలు వాలేది రంగు, వాసన ఉన్న పూల మీద, మిమ్మల్ని బాధపెట్టే ఓక్, బర్చ్ పుప్పొడిని మోసేది గాలి, తేనెలో అది ఉంటే గింటే నామమాత్రం.

మందుల్లో ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది, స్టెరాయిడ్ అనగానే కంగారు పడొద్దు, డోసు చాలా తక్కువ. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే తుమ్ములు వచ్చిన రోజు కొట్టి తగ్గగానే మానేస్తారు, అలా కాదు, సీజన్‌కి రెండు వారాల ముందే, మీకైతే ఫిబ్రవరి చివర్లోనే మొదలుపెట్టి రోజూ వాడాలి. బిగుసుకున్న ముక్కుని నిమిషాల్లో తెరిచే స్ప్రేలు వేరే ఉంటాయి, అవి మూడు రోజులు మించి వాడితే ముక్కు ఇంకా మొండికేస్తుంది. వీటికీ లొంగకపోతే అలర్జీ స్పెషలిస్ట్ దగ్గర చర్మం మీద టెస్ట్ చేయించి ఏ చెట్టో తేల్చుకుని, ఆ పుప్పొడినే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ తీసుకోవచ్చు, మూడు నుంచి ఐదేళ్ళ కోర్సు, ఓపిక కావాలి. పచ్చి ఆపిల్ తింటే నోరు దురద పెడుతోందేమో కూడా చూసుకోండి, బర్చ్ అలర్జీ ఉన్నవాళ్ళలో అది మామూలే, ఉడికిస్తే చాలావరకు ఏమీ కాదు. ఒకటి మాత్రం అశ్రద్ధ చేయొద్దు, ఊపిరి తీసుకుంటుంటే పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి, ముక్కు అలర్జీ వెంట ఆస్తమా రావడం నేను చాలా చూశాను.

ప్రశ్న: పుప్పొడితో అలర్జీ తెస్తున్నాయంటూ మా కాలనీలో కోనోకార్పస్ చెట్లు కొట్టేయాలని గొడవ నడుస్తోంది. మా బాబుకి ఏడాదంతా తుమ్ములే, అవి కొట్టేస్తే తగ్గుతుందా?
- ఓ తల్లి, వరంగల్

జవాబు: ఏడాదంతా అన్నారు కాబట్టి ముందు ఇంట్లో చూడమ్మా. పుప్పొడి అలర్జీ చెట్టు పూసే నెలల్లో వచ్చిపోతుంది, ఏడాది పొడుగునా తుమ్ములంటే నాకు ముందు అనుమానం వచ్చేది పరుపు, దిండ్లలో ఉండే డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగుల మీద, ఆ తర్వాత బొద్దింకల మీద. దుప్పట్లు, దిండు కవర్లు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికించండి. కోనోకార్పస్ ఇక నాటొద్దని తెలంగాణలో ఆదేశాలు ఉన్నాయి, కొత్తవి పెట్టకపోవడమే మంచిది, కానీ టెస్ట్ చేయించకుండా ఒక్క చెట్టు మీదే నేరం వేస్తే బాబుకి ఒరిగేదేమీ ఉండదు. మీ ఖాళీ ప్లాట్లలో అలర్జీ తెప్పించే వయ్యారిభామ (పార్థీనియం) కలుపు పెరిగి ఉంటే మాత్రం పూత రాకముందే చేతులకి గ్లోవ్స్ వేసుకుని పీకించేయండి. తుమ్ములు ఏ నెలలో ఎక్కువ, ఏ నెలలో తక్కువ అన్నది క్యాలెండర్ మీద రాసిపెట్టి, టెస్ట్‌కి వెళ్ళేటప్పుడు అది కూడా తీసుకెళ్ళండి.