పార్టిసిపుల్స్: తెలుగువారు తడబడే చోట్లు

ప్రశ్న: డీఎస్సీ పరీక్షకు చదువుతున్నాను. ప్రెజెంట్, పాస్ట్, పర్‌ఫెక్ట్ పార్టిసిపుల్స్ రూపాలు కంఠస్థమే గానీ, వాక్యంలో వాడేసరికి తప్పులు దొర్లుతున్నాయి. చివర ‘ఇంగ్’ ఉన్న ప్రతి మాటా ప్రెజెంట్ పార్టిసిపులేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కాదండి. ఇంగ్లీషులో పార్టిసిపుల్ అంటే క్రియ నుంచి పుట్టి, ఎక్కువగా విశేషణంలా పనిచేసే రూపం. ‘స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్’ అన్న వాక్యంలో స్విమ్మింగ్ నామవాచకమై కర్త స్థానంలో నిలిచింది కనుక అది జెరండ్. ‘ది బోట్స్ రిటర్నింగ్ టు కొత్తపట్నం’ అన్నప్పుడు రిటర్నింగ్ ఆ పడవలు ఎటువంటివో చెబుతున్నది కనుక ప్రెజెంట్ పార్టిసిపుల్.

అసలు చిక్కు పాస్ట్ పార్టిసిపుల్ దగ్గర ఉంది. ‘రైతు కోసిన వరి’, ‘వరి కోసిన రైతు’ అని రెండు విధాలుగానూ మనం ఒకే ‘కోసిన’ను వాడుతాం. ఇంగ్లీషులో సకర్మక క్రియ నుంచి వచ్చిన పాస్ట్ పార్టిసిపుల్ విశేషణమైనప్పుడు సాధారణంగా కర్మనే వర్ణిస్తుంది కాబట్టి, ‘హార్వెస్టెడ్ పాడీ’ సరైనదే గానీ ‘హార్వెస్టెడ్ ఫార్మర్’ అనకూడదు. ‘ది ఫార్మర్ హూ హార్వెస్టెడ్ ది పాడీ’ అనాలి. విసుగు పుట్టించే పాఠం ‘బోరింగ్’, విసిగిన విద్యార్థి ‘బోర్డ్’ కావడం కూడా ఇందువల్లనే. ‘ఫాలెన్ లీవ్స్’ వంటివి అకర్మక క్రియల నుంచి వచ్చినవి, అవి కొద్దిగానే ఉన్నాయి.

ముందు జరిగిన పనిని చెప్పే పర్‌ఫెక్ట్ పార్టిసిపుల్ మన క్త్వార్థకానికి (‘చేసి’, ‘వెళ్ళి’ వంటి రూపానికి) దగ్గరది: ‘హ్యావింగ్ ఫినిష్డ్ ది వర్క్, షి వెంట్ హోమ్’ అంటే పని ముగించి ఇంటికి వెళ్ళిందని. అయితే ‘వానలు కురిసి సోమశిల జలాశయం నిండింది’ అన్న వాక్యంలో కురిసినవి వానలు, నిండినది జలాశయం. కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. దీన్నే ‘హ్యావింగ్ ఫాలెన్ హెవీలీ, ది రిజర్వాయర్ ఫిల్డ్’ అని రాస్తే కురిసినది జలాశయమేనన్న అర్థం వస్తుంది. ఈ దోషాన్నే డ్యాంగ్లింగ్ పార్టిసిపుల్ అంటారు, పరీక్షల్లో తప్పు పట్టమని అడిగే వాక్యాల్లో ఇది ఉండవచ్చు. ‘ది రెయిన్స్ హ్యావింగ్ ఫాలెన్ హెవీలీ’ అని వేరే కర్తను పైకి చెప్పినా సరిపోతుంది, కానీ ‘ఆఫ్టర్ హెవీ రెయిన్స్’ అనడమే సహజమని నా అభిప్రాయం. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’ వంటివి ప్రిపొజిషన్లుగా స్థిరపడ్డాయి కనుక వాటికి ఈ నియమం వర్తించదు.