ఓడ డెక్‌పై కొలువు: చేరేముందు ఆలోచించవలసినవి

ప్రశ్న: సరుకు ఓడల్లో డెక్ సిబ్బందిగా చేరాలని ఉంది. అవకాశాలు ఎలా ఉన్నాయి, పని ఎలా ఉంటుంది? ఉద్యోగం ఇప్పిస్తానంటూ ఒక ఏజెంటు పెద్ద మొత్తం అడుగుతున్నాడు. ఇవ్వవచ్చునా?

జవాబు: ముందుగా చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను: ఇవ్వకండి. 2013 ఆగస్టు నుంచి అమలులో ఉన్న 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి రుసుము తీసుకోకూడదు. వైద్య ధ్రువపత్రం, సీమన్ బుక్ (నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం), పాస్‌పోర్టు వంటివాటి ఖర్చు మీ మీద పడవచ్చు గాని, వీసా ఖర్చు ఓడ యజమానిదే. ఓడ పేరు, దాని గుర్తింపుగా ఉండే ఏడంకెల ఐఎంఓ సంఖ్య, రాతపూర్వకమైన ఒప్పందం చూపించలేని మనిషి మాట నమ్మి అప్పు చేసిన కుటుంబాలు కోలుకోవడం చాలా కష్టం.

ఇక అవకాశాల సంగతి. నావికుల కొరత ఉందని తరచూ వినే మాట ప్రధానంగా అధికారులకు సంబంధించినది. 2021లో నౌకా రంగ సంఘాలైన బిమ్కో, ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ షిప్పింగ్ కలిసి వేసిన అంచనాలో కొరతగా చూపిన 26,240 మందీ అధికారులే. డెక్ సిబ్బందికి పోటీ ఎక్కువ, అందులోనూ అనుభవం లేనివారికి మొదటి ఓడ దొరకడమే అన్నిటికన్నా కష్టం. ప్రాథమిక భద్రతా శిక్షణ పూర్తిచేసి, కంటిచూపు, రంగుల గుర్తింపు పరీక్షలు ముందే చేయించుకోండి. రంగులు సరిగా గుర్తించలేనివారికి వాచ్‌లో, అంటే వంతులవారీ కాపలా పనిలో, నిలబడే అర్హత రాదు.

పగలంతా తుప్పు గీకడం, రంగు వేయడం, సరుకు గదులు కడగడం ఉంటాయి. వాచ్‌లో ఉన్నవారు సాధారణంగా నాలుగు గంటలు పనిచేసి ఎనిమిది గంటలు విరామం తీసుకుంటారు. రాత్రి చీకటిలో బ్రిడ్జిపై (ఓడను నడిపే చోట) నిలబడి ఇతర ఓడల దీపాలను కనిపెట్టడం వారి బాధ్యత. విశ్రాంతి 24 గంటల్లో కనీసం 10, వారంలో 77 గంటలు ఉండాలన్నది నియమం. రేవులు వెంటవెంటనే వచ్చినప్పుడు దానిని కాగితం మీద మాత్రమే పాటించే ఓడలూ ఉన్నాయి కనుక, మీ గంటలను మీరే రాసిపెట్టుకోండి.

రెండు ప్రమాదాలను మాత్రం ఎన్నడూ తేలికగా తీసుకోవద్దు. ఓడను రేవుకు కట్టేటప్పుడు బిగిసిన తాడు తెగితే, అది వెనక్కి కొట్టే దారిలో నిలబడినవాడు తప్పించుకునే వ్యవధి ఉండదు. మూసివున్న ట్యాంకుల్లో తుప్పే ఆమ్లజనిని హరిస్తుంది. లోపల పడిపోయిన తోటివాడిని కాపాడాలని గాలి పరీక్షించకుండా దిగినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు అనేకం. అలాంటి చోటికి అనుమతి పత్రం లేకుండా దిగమని ఎవరు చెప్పినా నిరాకరించండి, అది మీ హక్కు.

ఒప్పందం సాధారణంగా నెలల తరబడి సాగుతుంది. ఓడలో ఏకధాటిగా పన్నెండు నెలలు నిండకముందే మిమ్మల్ని ఇంటికి పంపాలి. జీతం, సెలవు, తిరుగు ప్రయాణపు ఖర్చు ఒప్పందంలో స్పష్టంగా ఉన్నాయో లేదో సంతకానికి ముందే చదివి, ఒక ప్రతిని ఇంట్లో ఇచ్చి వెళ్ళండి.