గుంటూరు మిర్చికి విదేశాల వాళ్లు ల్యాబ్ సర్టిఫికెట్ ఎందుకు అడుగుతున్నారు?

కాయ ఎర్రగా నిగనిగలాడితే చాలదు. 2003లో మన దేశపు కారంలో సుడాన్ రంగును ఫ్రాన్స్ గుర్తించింది. అది పరిశ్రమల్లో వాడేది, తిండిలో వేసేది కాదు. ఆ తర్వాత యూరప్ ల్యాబ్ రిపోర్టు అడగడం మొదలుపెట్టింది.

అంతకంటే పెద్ద తలనొప్పి అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం. కంటికి కనపడదు, వేయించినా పూర్తిగా పోదు. కల్లంలో కాయ ఆరకముందే మంచు పడినా, తడి నేల తగిలినా బూజు పట్టొచ్చు. యూరప్ పరిమితి కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములే. బూజు పట్టిన కాయలు కాసిని కలిసినా బస్తా మొత్తం అనుమానంలో పడుతుంది. అందుకే పట్టా మీద ఆరబోసి, రాత్రిపూట కప్పి, తాలుకాయలు (రంగు పోయి తెల్లబడినవి) ఏరేసి వేరే బస్తాకెత్తడం మంచిది.