మనసు నిలవడం లేదని మానెయ్యకు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. వారం నుంచి కూర్చుంటున్నా మనసు ఒక్క నిమిషం కూడా నిలవడం లేదని, ధ్యానం నీ వల్ల కాదని రాశావు. నిలవకపోతే నిలవకపోనీ. ఆలోచనే లేకుండా చేసుకోవడం ధ్యానమని ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట నమ్మి మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఊపిరి మీద దృష్టి పెడతావు. నాలుగు శ్వాసలు తీయకముందే నిన్న మేనేజర్ అన్న మాట దగ్గరికో, పంపాల్సిన మెయిల్ దగ్గరికో మనసు వెళ్లిపోతుంది. కాసేపటికి "అరె, ఎక్కడికో పోయానే" అని తెలుస్తుంది చూడు, అసలు పని అక్కడే ఉంది. తెలిసింది, తిరిగి ఊపిరి దగ్గరికి వచ్చావు. అంతే. ముప్పైసార్లు పోయి ముప్పైసార్లు వచ్చావంటే ఆ రోజు సాధన బాగా సాగినట్టే. నిన్ను నువ్వు తిట్టుకోకు. అది కూడా ఇంకో ఆలోచనే.

పద్మాసనం అక్కర్లేదు. కుర్చీలో పాదాలు నేలకు ఆనించి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చో. కాలు తిమ్మిరెక్కితే కదుపుకో. నిద్ర తూగితే కళ్లు సగం తెరువు. ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టు. సైలెంట్‌లో ఉంది కదా అని ఒళ్లో పెట్టుకుంటే మనసంతా దాని మీదే ఉంటుంది.

టెన్షన్ మరీ ఎక్కువైన రోజున మణికట్టు దగ్గర నాడి మీద రెండు వేళ్లు ఆనించి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులు. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నీ వయసులో ఆ తేడా వేళ్లకు బాగానే తెలుస్తుంది. వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఊపిరి వదలడాన్ని కాస్త సాగదీయమంటారు.

ఇక లాభాలంటావా, కూర్చున్న ఆ పది నిమిషాల్లో వెతక్కు. కోపం రాకుండా పోదు. వస్తోందని ముందే తెలుస్తుంది, అంతే. ఘాటైన మెసేజ్‌కి అంతే ఘాటుగా టైప్ చేయబోయి ఆగుతావు. బుద్ధికి స్పష్టత రావడమూ ఇలాంటిదే. మేనేజర్ జవాబివ్వలేదన్నది జరిగిన విషయం. నీ మీద కోపంగా ఉన్నాడన్నది నువ్వు అల్లుకున్న కథ. రోజూ ఆలోచనలను చూస్తూ కూర్చునేవాళ్లకు ఈ రెంటినీ విడదీయడం అలవాటవుతుంది. నన్నడిగితే ధ్యానం ఇచ్చేవాటిలో ఇదే పెద్దది.

1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ రోగుల కోసం మొదలుపెట్టిన ధ్యానం కోర్సుకే ఎనిమిది వారాలు పడుతుంది. నువ్వేమో వారానికే తీర్పు చెప్పేశావు! అలాగని అతిగా ఆశ పెట్టుకోకు. 2014లో 47 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన ఒక సమీక్షలో ఆందోళన, డిప్రెషన్, నొప్పి ఓ మోస్తరుగా తగ్గినట్టు తేలింది. మందుల కన్నా, వ్యాయామం కన్నా మెరుగనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. కాబట్టి నడక మానకు. డాక్టర్ రాసిన మాత్రలు ఉంటే అవీ మానకు.

ఒక్క జాగ్రత్త. పాత బాధలు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి భయం వేస్తే, ఓర్చుకుని కూర్చోవాలనుకోకు. కళ్లు తెరిచి, లేచి నాలుగడుగులు వెయ్యి. పదే పదే అలాగే అవుతుంటే కొన్నాళ్లు ఆపి డాక్టర్‌తో మాట్లాడు.

పొద్దున ఫోన్ ముట్టుకోకముందే కూర్చో. నెల తర్వాత ఎలా ఉందో రాయి.

మీ పెదనాన్న