వ్యోమనౌకలు సమాచారం పంపడానికి రేడియో ఉండగా లేజర్ ఎందుకు?

తరంగం పొడవులోనే ఉంది కిటుకు. వ్యోమనౌకలు వాడే ఎక్స్ బ్యాండ్ అనే శ్రేణిలో రేడియో తరంగం పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. సైకీ వ్యోమనౌకలో నాసా పరీక్షించిన పరారుణ లేజర్‌ది దాదాపు 1,550 నానోమీటర్లు (నానోమీటర్ అంటే సెంటీమీటర్‌లో కోటో వంతు). తరంగం ఎంత పొట్టిదైతే కిరణం దారిలో అంత తక్కువగా విచ్చుకుంటుంది. పంపిన శక్తి అంతగా వృథా కాదు, అంతే సమయంలో ఎక్కువ సమాచారం పంపొచ్చు.

2023 డిసెంబర్ 11న సైకీ 3.1 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి 15 సెకన్ల వీడియో పంపింది. అందులో ఉన్నది లేజర్ చుక్క వెంట పరుగెత్తే ఓ పిల్లి! (ప్రయోగానికి ముందే దాన్ని నౌకలో ఎక్కించి ఉంచారు.) వేగం సెకనుకు 267 మెగాబిట్లు. కాలిఫోర్నియాలోని పాలోమార్ వేధశాలలో 5 మీటర్ల హేల్ టెలిస్కోప్ దాన్ని అందుకుంది.

అసలు కష్టం గురిలో ఉంది. ఆ సంకేతం రావడానికి 101 సెకన్లు పట్టింది. ఆలోగా భూమి తన కక్ష్యలో దాదాపు 3,000 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఎగిరే పిట్టను కొట్టేవాడు దాని ముందుకు గురి చూసినట్టు, భూమి ఉండబోయే చోటికి లేజర్‌ను తిప్పాలి. నౌకకు దిక్కు తెలిపేందుకు కాలిఫోర్నియాలోనే ఉన్న టేబుల్ మౌంటెన్ కేంద్రం నుంచి మరో లేజర్‌ను దీపస్తంభంలా పైకి ప్రసరింపజేశారు.

దూరం పెరిగితే వేగం తగ్గుతుంది: 2024 ఏప్రిల్‌లో 22.6 కోట్ల కిలోమీటర్ల నుంచి వచ్చినది గరిష్ఠంగా సెకనుకు 25 మెగాబిట్లే. దట్టమైన మబ్బు పడితే అదీ ఉండదు. అందుకే నా దృష్టిలో రేడియోకు ఇప్పట్లో పదవీ విరమణ లేదు.