అంకె కాదు, సెంటీమీటర్లు చూసుకో

చిరంజీవి వంశీకి,

మావయ్య ఆశీస్సులు. గేములో మౌస్ సెన్సిటివిటీ (మౌస్ కదిపితే చూపు ఎంత వేగంగా తిరగాలో చెప్పే అంకె) మళ్లీ మార్చానని, అయినా ఎయిమ్ (గురి) ఒకరోజు కుదిరితే ఇంకోరోజు కుదరట్లేదని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నీకు నడక రాకముందు నుంచీ ఈ షూటర్ గేములు ఆడుతున్నవాణ్ణి కాబట్టి, ఈ విషయంలో నా మాట కాస్త వినొచ్చు.

ఎవరో ప్రో ప్లేయర్ వాడే అంకె చూసి అదే పెట్టుకున్నానన్నావు. మౌస్ డీపీఐ ఎంతో, అంటే అంగుళం జరిపితే మౌస్ కంప్యూటర్‌కి ఎన్ని కౌంట్లు (కదలిక సంకేతాలు) పంపుతుందో చూడకుండా ఆ అంకె ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదురా. గేములో సెన్సిటివిటీ 1 అని ఉన్నా, మౌస్ డీపీఐ 400 అయితే ఒక వేగం, 1600 అయితే దానికి నాలుగు రెట్లు. పైగా ఒక్కో గేముకి ఒక్కో కొలత. సెన్సిటివిటీ 1 దగ్గర మౌస్ పంపే ఒక్కో కౌంట్‌కి కౌంటర్ స్ట్రైక్‌లో చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది, వాలరెంట్‌లో 0.07 డిగ్రీలు. అందుకే కౌంటర్ స్ట్రైక్ అంకెని 3.18తో భాగిస్తే వాలరెంట్‌లో అదే వేగం వస్తుంది. అపెక్స్ లెజెండ్స్‌కి మాత్రం కౌంటర్ స్ట్రైక్ అంకె ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు.

ఈ గొడవంతా లేకుండా ఉండాలంటే సెంటీమీటర్లలో కొలుచుకో. మౌస్ ఎంత దూరం జరిపితే నీ ప్లేయర్ ఒక పూర్తి చుట్టు తిరుగుతాడో అదే నీ అసలు సెన్సిటివిటీ. ప్రాక్టీస్ రేంజ్‌లో గోడ మీద ఏదో ఒక గుర్తు మీద క్రాస్‌హెయిర్ (తెర మధ్యలో గురి చూపే గుర్తు) పెట్టు. మౌస్ ప్యాడ్ అంచున స్కేలు పెట్టుకుని, మళ్లీ ఆ గుర్తు దగ్గరికే వచ్చేదాకా మౌస్‌ని నెమ్మదిగా పక్కకి జరుపు. ప్యాడ్ చాలకపోతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చెయ్. డీపీఐ 800 పెట్టి కౌంటర్ స్ట్రైక్‌లో 1 పెడితే సుమారు 52 సెంటీమీటర్లు వస్తుంది. 1.3 పెడితే 40 సెంటీమీటర్లు. వాలరెంట్‌లో అదే 40 కావాలంటే 0.41 దగ్గర పెట్టాలి.

ఎంత ఉండాలి అని అడుగుతావని తెలుసు. దానికి ముందు నీ ప్యాడ్ వెడల్పు చూసుకో. వెనక నుంచి ఎవడో కాల్చాడనుకో, మౌస్ ఎత్తకుండా ఒక్క లాగులో వెనక్కి తిరగగలగాలి. అది సగం చుట్టు. చెయ్యి ప్యాడ్ మధ్యలో ఉంటుంది కాబట్టి మధ్య నుంచి అంచుదాకా ఉన్న దూరంలో ఆ సగం చుట్టు పట్టాలి. లెక్క వేస్తే, పూర్తి చుట్టుకి పట్టే దూరం ప్యాడ్ వెడల్పుని మించకూడదు. 45 సెంటీమీటర్ల ప్యాడ్ అయితే 40 దగ్గర మొదలుపెట్టు. చిన్న ప్యాడ్ మీద ప్రోలలాగా తక్కువ సెన్సిటివిటీతో ఆడాలనుకుంటే, సరిగ్గా ఫైట్ మధ్యలో మౌస్ ఎత్తాల్సి వస్తుంది. నిదానంగా, కోణాలు కాసుకుని ఆడే గేములకి తక్కువ సెన్సిటివిటీ సుఖం. ఎదుటివాడు గాల్లో ఎగురుతూ తిరిగే గేములకి కొంచెం ఎక్కువ కావాలి. ఇంతకుమించి అందరికీ సరిపడే అంకె ఏదీ లేదు.

విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని ఒకటి ఉంటుంది. అది ఆఫ్‌లో ఉందో లేదో ఈరోజే చూడు. అది ఆన్‌లో ఉంటే చెయ్యి వేగంగా కదిపినప్పుడు పాయింటర్ ఎక్కువ దూరం పోతుంది, మెల్లగా కదిపితే తక్కువ. దూరం ఒకటే అయినా ఫలితం మారిపోతుంటే చేతికి అలవాటెలా అవుతుంది? రా ఇన్‌పుట్ వాడే గేముల్లో, అంటే విండోస్ సెట్టింగ్‌తో పనిలేకుండా మౌస్ కదలికని నేరుగా తీసుకునే వాటిలో, దీని ప్రభావం ఉండదు, అయినా ఆఫ్ చేసెయ్.

ఇక అసలైన సంగతి. ఒకసారి పెట్టుకున్నాక కనీసం రెండు వారాలు దాన్ని ముట్టుకోకు. నువ్వు రెండు రౌండ్లు పోగానే సెట్టింగ్స్ తెరుస్తున్నావు, అక్కడే చెడుతోంది. ఫలానా దూరానికి ఇంత లాగాలి అని చెయ్యి నేర్చుకునే లోపే నువ్వు ఆ లెక్క మార్చేస్తున్నావు. ఆ రెండు వారాలూ ఓడిపోయిన మ్యాచ్‌లు కాదు, మిస్సైన బుల్లెట్లు ఎటు పోతున్నాయో గమనించు. రికార్డ్ చేసి నెమ్మదిగా చూస్తే ఇంకా మంచిది. దాదాపు ప్రతిసారీ క్రాస్‌హెయిర్ తలని దాటిపోతోందా, అయితే సెన్సిటివిటీ కొంచెం తగ్గించు. ప్రతిసారీ తలకి ఇవతలే ఆగిపోతోందా, కొంచెం పెంచు. కొంచెం అంటే ఐదు శాతం, మహా అయితే పది. ఒకసారి దాటి, ఒకసారి ఇవతల ఆగుతుంటే మాత్రం తప్పు సెన్సిటివిటీది కాదు. అప్పుడు నువ్వు టెన్షన్‌లో మౌస్‌ని బిగించి పట్టుకుంటున్నావేమో చూసుకో. క్రాస్‌హెయిర్‌ని నేల మీద పెట్టుకుని నడుస్తున్నావేమో కూడా చూసుకో. శత్రువు తల ఎత్తులో ముందే పెట్టుకుంటే లాగాల్సిన దూరమే తగ్గిపోతుంది. నీ వీడియోలు చూశాను, నీకు ముందు కుదరాల్సింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద వచ్చే ఫ్రేముల సంఖ్య) పడిపోయినా మౌస్ బరువెక్కినట్టు ఉంటుంది. అది చూసి సెన్సిటివిటీ పెంచకు, గ్రాఫిక్స్ తగ్గించు. డీపీఐ మార్చాలనిపిస్తే దాన్ని రెట్టింపు చేసినప్పుడు గేములో అంకెని సగం చెయ్, వేగం మారదు. కొత్త మౌస్ కొన్నా స్కేలుతో మళ్లీ కొలుచుకో, ఎందుకంటే 800 అని రాసి ఉన్న రెండు మౌస్‌లు అచ్చంగా ఒకేలా ఉండవు.

కుర్చీ ఎత్తు కూడా రోజుకోలా మార్చకు. మోచేయి టేబుల్‌కి ఆనే తీరు మారితే లాగే దూరం మారుతుంది. మణికట్టు నొప్పి పుట్టినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ రోజుకి ఆట ఆపెయ్. రెండు మూడు రోజులైనా తగ్గకపోతే అమ్మకి చెప్పి డాక్టర్‌కి చూపించుకో. ర్యాంక్ ఎటూ పోదు, చెయ్యి జాగ్రత్త.

తుపాకీ స్కోప్‌లోంచి చూసేటప్పటి సెన్సిటివిటీ వేరే ఉంటుంది కదా, ఆ స్కోప్ సెన్సిటివిటీ ఇప్పటికి 1 దగ్గరే ఉంచు. నీ ప్యాడ్ వెడల్పు, పూర్తి చుట్టుకి వచ్చిన సెంటీమీటర్లు, మిస్సులు ఎటు ఎక్కువ పోతున్నాయో రాసి రెండు వారాల తర్వాత నాకు పంపు. స్కోప్ సంగతి అవి చూశాక చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య